బేర వ్యవస్థలకు ఒకే ఒక్క అభ్యర్థి

అరవయ్యో సిలబస్, సోమవారం

నీళ్ళ క్యాన్లు నింపుకుని, కొండెక్కే తీగబండి పట్టుకుని, ఎండ ముదరకముందే డిపార్ట్‌మెంటు చేరాను. ఎగువపేటలో క్లాసులన్నీ పొద్దు కొండ దాటేలోపే అయిపోవాలి. ఆ తర్వాత గోడలు కాలతాయి, పిల్లలు మాట వినరు, కింద సముద్రం మీంచి లేచే ఉప్పు ఆవిరికి బోర్డు మీద రాసింది రాసినట్టే కారిపోతుంది.

టేబుల్ మీద పలక వెలుగుతోంది. అరవై ఒకటో సిలబస్ వచ్చేసిందట. అరవయ్యోదాన్లో మేమింకా మూడో యూనిట్ ముట్టుకోలేదు. నేను కంప్యూటర్ శాఖలో సిలబస్ కమిటీ ఛైర్మన్ని. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ సిలబస్ తయారుచేసేది యంత్రాలు. ఏ టెక్నాలజీ పుట్టిందో, ఏది పోయిందో వాటికే తెలుసు. నేను సంతకం పెట్టాలి, పెట్టాక శాఖలో మేష్టర్లందరినీ తుడుపుకి పంపాలి. ఇవాళ రెండూ చేశాను. తుడుపు శుక్రవారమని నోటీసు అంటించాను. ఎవరూ చదవలేదు. తుడుపు గదిలో కుర్చీ ఎక్కడుందో మా వాళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

నొప్పేమీ ఉండదు. తీసేసిన సబ్జెక్టులు తలలోంచి పోతాయి, కొత్తవి వచ్చి చేరతాయి. రెండ్రోజులు నాలిక కింద ఇనుము పెట్టుకున్నట్టుంటుంది. పాత పాఠంతోపాటు దాన్ని ఎవరికి చెప్పామో, ఎలా చెప్పామో కూడా పోతుంది. అదొక్కటే కొంచెం ఇబ్బంది.

ఆ ఇబ్బందే ఇవాళ తలుపు దగ్గర నిలబడింది. ముప్పై దాటిన మనిషి. సముద్రపు గోడ దగ్గర తలుపులు ఎత్తే డ్యూటీ వాళ్ళ పచ్చ కోటు వేసుకుంది. చేతిలో హాల్ టికెట్.

"ఏటి సార్, బాగున్నారా?" అంది చాలా చనువుగా.

"మీరెవరమ్మా?"

ఆమె నవ్వు కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "తుడిసీసుంటారు కదా, ఆ మాటే మర్సిపోనాను. నేను నూకరత్నాన్ని సార్. గెద్దాడ నూకరత్నం. నలభై రెండో సిలబస్‌లో మీ స్టూడెంటుని. బేర వ్యవస్థలు మాకు మీరే సెప్పారు. నాకా సబ్జెక్టొక్కటే ఉండిపోనాది."

బేర వ్యవస్థలు అనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. వినలేదని ఆమెతో అనలేకపోయాను.

విషయం ఇది. ఆ సబ్జెక్టు మా దగ్గర ఒక్క సీజనే బతికింది. ఈమె అందులో తప్పింది. మళ్ళీ రాద్దామనుకునేసరికి సబ్జెక్టే లేదు. దానికి సమానమైన ఇంకో సబ్జెక్టు రాసుకోమన్నారు. చదువుకుని పరీక్షకి వచ్చేసరికి అదీ పోయింది. దానికి సమానమైనదీ పోయింది. చివరికి మళ్ళీ బేర వ్యవస్థలే రాసుకోమన్నారు. ఇప్పుడు ఆమె చేరిన నాటి నుంచి ఇచ్చిన గడువు అయిపోవస్తోంది. వచ్చే సోమవారం సప్లిమెంటరీలో పాసవకపోతే ఇంతకాలం పాసైన సబ్జెక్టులన్నీ రద్దు. డిగ్రీ లేకపోతే గోడ దగ్గర ఉద్యోగమూ ఉండదు. టెంపరరీ వాళ్ళని ఈ వానలకి తీసేస్తున్నారట.

"పేపరు సెట్ సేసీవోళ్ళు నేరనీసి ప్రతిసారీ వాయిదా ఎట్టీసినారు సార్. ఈసారి వాయిదాకి కూడా టైం నేదు."

చూస్తానని చెప్పి పంపాను. ఏం చూస్తానో నాకే తెలీదు.

మంగళవారం

ముందు యంత్రాన్ని అడిగాను. "ఆ సబ్జెక్టు రద్దయింది, దానికంటే మెరుగైనవి ఉన్నాయి, చూపించమంటారా?" అంది. వద్దన్నాను. చూపించింది.

పుస్తకం దొరకదు. మా పుస్తకాలన్నీ పలకల్లోనే ఉంటాయి, సిలబస్ మారిన రోజున వాటంతటవే మారిపోతాయి. నూకరత్నం నోట్సు కూడా పలకలోనే రాసుకుందట, దాన్నీ యంత్రం ఎప్పటికప్పుడు సరిదిద్దడంతో ఇప్పుడది ఆమె రాయని నోట్సయి కూర్చుంది. అప్పట్లో ఆ సబ్జెక్టు పాసైన వాళ్ళందరూ ఉద్యోగాల్లో చేరి అక్కడ తుడుపుకి వెళ్ళారు. సబ్జెక్టు మిగిలిపోయిన విద్యార్థికి మాత్రం తుడుపు చేయకూడదని నిబంధన. అంటే ఈ భూమ్మీద బేర వ్యవస్థలు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ అందులో ఫెయిలయిన మనిషి.

పరీక్షల అధికారి పాణిగ్రాహి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొహం మీద విసుగు కూడా ఫైలు ప్రకారమే వస్తుంది.

"యంత్రం చేత పేపరు సెట్ చేయించలేమా?" అన్నాను.

"కోర్టు వద్దంది కదండీ. పేపరు పెట్టేది మనిషే, దిద్దేది మనిషే. మనకి మిగిలిన పని అదొక్కటే, దాన్నీ ఒదులుకుందామా?"

"మరి సెట్ చేసేదెవరు?"

"అర్హత ఏమిటి సోమలింగం గారూ? ఆ సబ్జెక్టు పాసై ఉండాలి, లేదా చెప్పి ఉండాలి. మీరు చెప్పారు. రికార్డు ప్రకారం మీకు వచ్చు."

"నాకు ఒక్క ముక్క రాదండీ."

"రాదని రికార్డులో లేదు." ఆయన నాకేసి జాలిగా చూశారు. "ఏవో నాలుగు ప్రశ్నలు రాసి పడేయండి. ఆమె ఏదో రాస్తుంది. మీరేదో వేయండి. ఎవరు చూడొచ్చారు?"

నిజమే, ఎవరూ చూడరు. నాకెందుకో ఒళ్ళు మండింది. దాదాపు జీవితమంతా సంతకాలు పెట్టాను. రాని సబ్జెక్టులో మార్కులు కూడా వేసేస్తే ఇంక నేనుంటే ఎంత, నా కుర్చీ ఒక్కటే ఉంటే ఎంత?

బుధవారం

సాయంత్రం డ్యూటీ గదిలో నూకరత్నాన్ని కలిశాను. గోడకి అవతల సముద్రం కొట్టినప్పుడల్లా బల్ల మీద గ్లాసులు కదిలాయి.

"నాకా సబ్జెక్టు నేర్పుతారా?" అని అడిగాను. సిగ్గేసింది. అయినా అడిగాను.

ఆమె కాసేపు నవ్వింది. తర్వాత నేను హాస్యమాడటం లేదని చూసి కుర్చీ లాక్కుంది.

"కరెంటు సాలనప్పుడు మిషన్లు ఒకదాంతో ఒకటి బేరమాడుకుంటాయి సార్. నాకింత కావాల, నీకెంత కావాల, నువ్వు కాసేపు ఆగితే నేను తరవాత ఆగుతాను. పైనుంచి పెద్ద మిషనేదీ తీర్పు సెప్పదు. ఆటికవే తెంపుకోవాల." ఆగింది. "సేపల రేవులో మా అమ్మని సూపించి సెప్పారు మీరు. క్లాసంతటినీ రేవుకి తీసికెళ్ళిపోనారు. బుట్ట మీద గుడ్డ కప్పీసి, మా అమ్మా కొనీవోడూ గుడ్డ కింద సేతులెట్టి, ఏళ్ళు నొక్కి బేరమాడుతుంటే, సూడండి, ఇదే మొదటి యూనిట్టు అన్నారు."

"నేనా?"

"మీరే. మా అమ్మ తిట్టింది కూడాను, బేరం సెడగొడతన్నారనీసి."

నవ్వాను. లోపల మాత్రం బాధగా ఉంది. క్లాసుని రేవుకి తీసికెళ్ళిన ఆ మేష్టరెవరో నాకు తెలీదు. ఆయన మీద అసూయ పుట్టింది. ఇప్పుడు నేను పలకలో వచ్చింది వచ్చినట్టు చదివి వినిపిస్తాను.

నూకరత్నం బాగా చెబుతుంది. తొందరపడితే మాటలు మింగేస్తుంది గానీ నేను అడ్డం తగిలితే విసుక్కోదు. మొదటి రెండు యూనిట్లు ఇవాళే అయిపోయాయి.

శుక్రవారం

తుడుపుకి వెళ్ళలేదు.

వెళ్తే నేర్చుకున్నదంతా పోతుంది, పేపరు పెట్టేవాడుండడు. పరీక్ష పని ఉంది, వారం గడువు కావాలని రాసిచ్చాను. గడువిచ్చారు. దాంతోపాటు ఛైర్మన్ పదవి తీసి మా శాఖలోనే పాఠాలు చెప్పే లలితాంబకిచ్చారు. కొత్త సిలబస్ తలలో లేనివాడు దాని తర్వాతిదాని మీద సంతకమెలా పెడతాడని. న్యాయమే. ఆలస్యంగా తుడిపించుకుంటే పాతా కొత్తా కలగాపులగమవుతాయని, తలనొప్పి నెలల తరబడి వదలదని డాక్టరు కూడా భయపెట్టాడు.

మధ్యాహ్నం లలితాంబ తుడుపు నుంచి వచ్చింది. మొహం కడిగిన పలకలా ఉంది.

"మీ మూడో యూనిట్ నోట్సు నా దగ్గరుండిపోయింది, ఇవ్వమంటారా?" అన్నాను.

"దేంట్లో మూడో యూనిట్ సార్?" అంది మర్యాదగా.

పొద్దున్న ఆ యూనిట్ గురించే ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. ఆమె అన్నదే రైటని ఒప్పుకుందామని వెళ్ళాను. ఇంక ఒప్పుకోవడానికేముంది, నోట్సు నా సంచీలోనే పెట్టుకున్నాను.

అరవై ఒకటో సిలబస్, శనివారం

పేపరు సెట్ చేయడానికి కూర్చున్నాను. ఐదు యూనిట్లూ వచ్చేశాయి. నిజంగా వచ్చేశాయి, ఎవరో తలలో పోసినట్టు కాదు, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ. ఎన్నాళ్ళయిందో ఇలా ఒకటి నేర్చుకుని. పొద్దుటి నుంచీ ఆకలి కూడా గుర్తురాలేదు.

నాలుగో యూనిట్ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా ఇవ్వాలని పద్ధతి. ఇచ్చాను. ఆస్పత్రి యంత్రం, నీళ్ళ పంపు. కరెంటు ఒక్కదానికే సరిపోతుంది. రెండింటి అవసరమూ సమానం. బేరం ఎలా తెగుతుంది?

నూకరత్నం నాకు చెప్పిన సూత్రం: అవసరాలు సమానమైతే తగ్గాలి. సరే, జవాబు రాద్దామని మొదలుపెట్టాను. ఆస్పత్రి తగ్గింది, నువ్వే తీసుకో అంది. పంపూ తగ్గింది, కాదు నువ్వే తీసుకో అంది. మళ్ళీ ఆస్పత్రి తగ్గింది. పెళ్ళి పందిట్లో ఇద్దరు వియ్యంకులు ముందు మీరు కూర్చోండంటే ముందు మీరని నిలబడిపోయినట్టు. ఎంతసేపు రాసినా తెగలేదు. ఎక్కడో లెక్క తప్పాననుకుని మళ్ళీ మొదటి నుంచి వేశాను. తప్పింది నేను కాదు, సూత్రమే తప్పు.

అప్పుడర్థమైంది ఆమె ఎందుకు ఫెయిలయిందో. అదే తప్పుని ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకుని, మొన్న నాకు అప్పజెప్పింది. సరైన సూత్రమేమిటో నాకూ తెలీదు. ప్రపంచంలో ఎవరికీ తెలీదు.

ఆమె రాసిందే రైటని మార్కులు వేసేస్తే కాదనేవాడు లేడు. తప్పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, వచ్చే శుక్రవారం తర్వాత నాకూ తెలీదు. ఇంత భయం లేని మోసం ఇంకోటి దొరకదు. ఆ సబ్జెక్టుతో ఎవరికీ పని కూడా లేదు.

అయినా చేయి రాలేదు. నీతి గురించి పెద్ద మాటలేం చెప్పను. అది తప్పని కనిపెట్టింది నేను. ఈ మధ్య కాలంలో నా అంతట నేను కనిపెట్టింది అదొక్కటే. దాన్ని తుడిచెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

ఆదివారం

పేపరు పెట్టినవాడు అభ్యర్థికి జవాబు చెప్పకూడదు. ప్రశ్న ఇదీ అని కూడా చెప్పకూడదు. కానీ నేర్చుకునేవాడు నేర్పేవాళ్ళని డౌటు అడగకూడదని ఎక్కడా లేదు. రూల్సన్నీ తిరగేసి మరీ వెళ్ళాను. నాలుగో యూనిట్ ఒక్కటే అడిగితే ప్రశ్న చెప్పేసినట్టవుతుందని, యూనిట్‌కి ఒక డౌటు చొప్పున ఐదు పట్టుకెళ్ళాను. మూడింటికి చకచకా చెప్పేసింది. అప్పుడడిగాను.

"నూకరత్నం గారూ, ఇద్దరి అవసరం సమానమైతే ఎవరు తగ్గాలి?"

"తగ్గాల సార్. సెప్పాను కదా."

"ఎవరు?"

"ఇద్దరూ."

"ఇద్దరూ తగ్గితే, మరి కరెంటు ఎవరికి?"

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. వేళ్ళతో బల్ల మీద ఏదో వేసుకుంది. మళ్ళీ వేసుకుంది. కాసేపటికి మొహం ఎర్రబడింది.

"రేపు పరీక్ష పెట్టుకుని ఇప్పుడడుగుతారేటి సార్ ఇయ్యన్నీ? మీరు సెప్పిందే నేను సెప్పాను. నాకు తెల్దు. ఇంకేటీ అడక్కండి."

కోటు వేసుకుని గోడ మీదికి వెళ్ళిపోయింది. ఐదో డౌటు అడగనేలేదు. తీగబండిలో పైకొస్తూ నన్ను నేను తిట్టుకున్నాను. పరీక్ష ముందు రోజు మనిషి ధైర్యం పోగొట్టి వచ్చాను. పాణిగ్రాహి గారు చెప్పినట్టు ఏవో నాలుగు ప్రశ్నలు రాసి పడేసుంటే ఈపాటికి ఆమె హాయిగా చదువుకుంటూ ఉండేది.

సోమవారం

పెద్ద హాలు. ఒకే ఒక్క అభ్యర్థి. పాణిగ్రాహి గారు రూలు ప్రకారం ఆమె చుట్టూ ఉన్న ఖాళీ బల్లల మధ్య కూడా తిరిగి చూశారు.

నూకరత్నం నాకేసి చూడలేదు. పేపరు తీసుకుని చదివింది. నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది, అది నాకు తలుపు దగ్గర్నుంచే కనిపించింది. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. అడిషనల్ షీటు అడగలేదు. గంట కొట్టేదాకా కూర్చుని, ఇచ్చేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

మంగళవారం

దిద్దాను. మూడు ప్రశ్నలు బాగా రాసింది. ఐదోది ఫరవాలేదు. కలిపితే గట్టెక్కడానికి కాస్త తక్కువ. అంతా ఆ నాలుగో ప్రశ్న మీదే ఆగింది. దాని పేజీ తిప్పడానికి ముందు లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

మొదట పాత సూత్రమే రాసింది. తర్వాత అడ్డంగా కొట్టేసింది. దాని కింద ఇలా ఉంది:

"అవసరాలు సమానమైతే కిందటిసారి తగ్గినవాళ్ళకి ఈసారి ఇవ్వాలి. దీనికి రెండు యంత్రాలూ పాత బేరాలు గుర్తుపెట్టుకోవాలి. నిన్న నేను తగ్గాను కదా, ఇవాళ నువ్వు తగ్గు అని రేవులో మా అమ్మ అనేది. గుర్తు లేకపోతే బేరం ఎప్పటికీ తెగదు."

వెంటనే మార్కులు వెయ్యలేదు. కాగితం తీసుకుని వేసి చూశాను. ఆస్పత్రి, పంపు. తెగింది. ఇంకో యంత్రాన్ని కలిపాను. అదీ తెగింది. చెడగొట్టడానికి నాకు తెలిసిన దార్లన్నీ వెతికాను, ఎక్కడా చెడలేదు. నలభై రెండో సిలబస్‌లో నేను చెప్పింది ఇదేనో కాదో ఎవరికీ తెలీదు. కానీ ఇది సరైనది. ఆ సంగతి నాకు ఏ రికార్డూ చెప్పలేదు, నేనే చూశాను.

పూర్తి మార్కులు వేశాను. పాసయింది. ఒక్కణ్ణీ గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఎందుకంత ఏడుపొచ్చిందో తెలీదు. అలసట వల్లనే అనుకుంటాను.

గురువారం

పొద్దున్నే నూకరత్నం నెత్తళ్ళ చేపల వేపుడు డబ్బా పట్టుకుని వచ్చింది. డిపార్ట్‌మెంటు వెనక మెట్ల మీద కూర్చున్నాం.

"పర్మనెంటు సేసీసినారు సార్," అంది. మొహం వెలిగిపోతోంది. కొంచెం ఆగి, "మొన్న కోప్పడ్డాను, ఏటనుకోకండి," అంది.

"నేనే అడక్కుండా ఉండాల్సింది."

"అది కాదు సార్. మీకు గుర్తు నేదు గానీ, అప్పుడు ఫెయిలైనప్పుడు కూడా మీరు నన్ను పిలిసి ఇదే అడిగారు. 'మరి కరెంటు ఎవరికి నూకరత్నం?' అనీసి. అచ్చం ఇదే మాట. నన్ను ఎటకారం సేస్తన్నారనుకుని ఆ రోజూ కోపంగా ఎల్లిపోనాను. ఆదివారం గోడ మీద కూకున్నాక ఎలిగింది, ఈయన నన్నేటీ అనట్లేదు, అడుగుతన్నారంతే అని."

సబ్జెక్టు తుడిచేశారు. రేవుని తుడిచేశారు. ఈమె పేరూ మొహమూ కూడా తుడిచేశారు. అయినా అంతకాలం తర్వాత అదే మనిషిని అదే చోట ఆపి అదే మాట అడిగాను. ఆ అడగడం ఏ సిలబస్‌లోనూ లేదు, అందుకే దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచి ఉండదు. రేవుకి తీసికెళ్ళిన ఆ మేష్టరు మీద నాకున్న అసూయ అప్పుడు పోయింది.

"రేపు నాకు తుడుపు," అన్నాను. "మళ్ళీ మీరెవరమ్మా అంటాను. ఏమీ అనుకోకండి."

"నాకూ వచ్చే వారమే సార్. పర్మనెంటోళ్ళందరికీ సేస్తారు కదా." డబ్బా మూత తీస్తూ మామూలుగానే అంది. సబ్జెక్టు పాసయింది కాబట్టి ఆమెకిక మినహాయింపు లేదు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఇన్నాళ్ళు ఆ ఒక్క సబ్జెక్టు కోసం ఆమె పడిన పాటు నా కళ్ళ ముందుకొచ్చి చాలా బాధేసింది. ఆమెకీ వేసినట్టుంది, తీసిన మూత మళ్ళీ పెట్టేసింది.

తర్వాత నూకరత్నం చెయ్యి కోటుకి తుడుచుకుని, "మొదటి యూనిట్టు మీరు సెప్పండి, తప్పుంటే నేను సెప్తాను," అంది.

చెప్పాను. రెండోది ఆమె చెప్పింది. ఎండ మెట్ల మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఐదు యూనిట్లూ ఒకరికొకరం చెప్పుకున్నాం. ఎక్కడైనా తడబడితే రెండోవాళ్ళు అందుకున్నారు. ఈసారి పరీక్ష లేదు.